గడప రాయి మీద రూపాయి

మొన్న హైదరాబాదులో ఒక నాణేల ప్రదర్శనకు వెళ్లాను. ఒక బల్ల మీద పాత వెండి రూపాయి గట్టి ప్లాస్టిక్ డబ్బీలో ఉంది, పైన దాని స్థాయి ఎంతో అచ్చేసిన చీటీతో. చేతిలోకి తీసుకుని చూసి, తిరిగి బల్ల మీద పెడితే టక్కుమని ప్లాస్టిక్ చప్పుడొచ్చింది. లోపలి వెండి మోగలేదు. బయటికి తీసి చూపిస్తారా అని అడిగాను. "సీలు తీస్తే సర్టిఫికెట్టు చెల్లదు మేడమ్" అన్నాడు దుకాణదారు. నాణెం విలువ తేల్చేవాళ్లు ఉన్నారు సరే, వాళ్ల విలువ తేల్చేది ఎవరు? ఈ అనుమానం నా సొంతం కాదు. చంద్రపూర్‌లో గంగాధర్ సారు దగ్గర అంటించుకున్నది.

ఆ ఊరి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బొగ్గు పరీక్షించే ల్యాబుకి ఆయన పెద్ద. నేను కొత్తగా చేరిన కెమిస్టుని. ప్రైవేటు కంపెనీలు, కొరియర్ ఆఫీసులు, ఎస్టీడీ బూత్‌లు ఒక్కసారిగా పుట్టుకొస్తున్న రోజులవి. మాజ్రీ గనుల నుంచి వచ్చే బొగ్గుని కాల్చి అందులో బూడిద ఎంతో తేల్చడం మా పని. సారుకి ఒక అలవాటుండేది. ఒకే బొగ్గుని రెండు పొట్లాలు కట్టి, వేరువేరు నంబర్లు వేసి, వారం ఎడంగా మా ట్రేలలో పెట్టేవారు. అది బొగ్గుకి కాదు, మాకు పరీక్ష. మూడో నెలలో నేను ఆ రెండో పొట్లాన్ని రంగు చూసి గుర్తుపట్టాను. మళ్లీ కాల్చడం ఎందుకని పాత అంకే వేసేశాను.

"రెండూ ఒక్క తీరుగ వచ్చినయేంది సరోజా?" అన్నారు సారు, కాగితం మీంచి తలెత్తకుండా.

"ఒకే బొగ్గు కదా సార్."

"ఒకటే బొగ్గయినా మనిషి రెండుసార్లు కాలిస్తే జరంత తేడా ఉంటది. తేడానే లేదంటే రెండోసారి కాల్చలేదన్నట్టు."

నా ఉద్యోగం పర్మినెంటు కావాల్సిన నెల అది. ఆయన పైవాళ్లకు చెప్పలేదు, నన్ను తిట్టనూ లేదు. కానీ ఆ అంకె పక్కన "ఇది కాల్చకుండా వేసినది" అని నా చేతే రాయించి, సంతకం పెట్టించి, ఫైలులో ఉంచేశారు. చాలా రోజులు ఆయన మీద ఒళ్లు మండింది. ఒక చివాటు పెట్టి వదిలేస్తే పోయేది కదా అనుకునేదాన్ని.

సారుకి నాణేల పిచ్చి. బాబుపేట్‌లో రెండు గదుల ఇంట్లో, ఇనప బీరువాలో, అగ్గిపెట్టెల్లో దూది పరిచి దాచేవారు. ఆ పిచ్చి ఒక్క రూపాయితో మొదలయింది. వాళ్లది కోర్పనా వైపు పల్లె. తండ్రి ఇద్దరు కొడుకులకు పంపకాలు చేసినప్పుడు అన్న రాజన్నకు ఉన్న పొలమంతా ఇచ్చి, చదువుకున్న చిన్నకొడుక్కి ఒక పాత పర్షియన్ అక్షరాల వెండి రూపాయి ఇచ్చాడట. పూర్వం ఎవరో దేశ్‌ముఖ్ దానికి బదులు రెండెకరాలు ఇస్తానన్నాడని ఇంట్లో చెప్పుకునేవారు. పంపకం జరిగిన ఏడాదే తండ్రి పోయాడు. అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. బంగారం లాంటి సొత్తు తమ్ముడు పట్టుకుపోయాడని అన్న అలిగాడనే సారు అనుకునేవారు. రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఆ రూపాయి అసలుదా నకిలీదా తేల్చుకోవాలనిపించింది ఆయనకు. అసలుదైతే అన్న కోపం న్యాయమే. నకిలీదైతే కోపానికి కారణమే లేదు.

"మన ల్యాబులోనే చూడొచ్చు కదా సార్" అన్నాను.

"నాది నేను చూసుకుంటే నాకేది గావాల్నో గదే కనవడ్తది."

నాణేలు చూసి సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్లు అప్పుడప్పుడే మొదలవుతున్నారు. నాగపూర్‌లో ఒకరు, హైదరాబాదులో ఒకరు, బొంబాయిలో ఒకరు సారుకి తెలిశారు. వాళ్లలో ఎవరిని నమ్మాలో తేల్చడానికి ఆయన వాళ్ల పేరుప్రఖ్యాతులు విచారించలేదు. మాకు పెట్టిన పరీక్షే పెట్టారు. అందుకు వాళ్లమ్మ పూజలో పెట్టే మామూలు రూపాయిని ఎంచుకున్నారు. ఆవిడ ఏటా దీపావళికి దాన్ని చింతపండుతో, బూడిదతో తళతళలాడేలా తోమేది. అలా తోమితే నాణేనికి పైపొర అరిగి స్థాయి పడిపోతుంది. ఆ సంగతి మాకు ముందే తెలుసు కాబట్టి, వాళ్ల కళ్లకు తెలుస్తుందో లేదో చూడాలి. ఒకసారి ఆయన పేరుతో పంపాం, రెండు నెలలాగి నా పేరుతో.

నాగపూర్ వారు రెండుసార్లూ "అత్యుత్తమం" అన్నారు. హైదరాబాదు వారు మొదట "ఫరవాలేదు" అన్నారు. రెండోసారి ఫ్యాక్టరీ పేరున్న కాగితం మీద ఉత్తరం పెడితే "ఉత్తమం" అన్నారు. బొంబాయి పెద్దమనిషి కూడా మొదట "ఉత్తమం" అనే రాశాడు. రెండోసారి మాత్రం నాకు ఇలా రాశాడు: ఈ నాణెం అంచు మీద ఉన్న నొక్కు నాకు గుర్తుంది, ఇంతకుముందు మీ ఊరి నుంచే వేరొకరు పంపారు, దీన్ని తోమారన్న సంగతి అప్పుడు నేను పట్టుకోలేకపోయాను, నా మొదటి సర్టిఫికెట్టు తప్పు, దయచేసి దాన్ని వారి చేత వెనక్కి పంపించగలరు.

"ఈయన కూడా మొదటిసారి పొరపడ్డాడు కదా సార్" అన్నాను.

"పొరపడ్డడు. ఎవ్వరూ అడగకముందే చెప్పిండు. నాకీయన చాలు."

అసలు రూపాయిని ఆయనకే పంపాం, మామూలు పద్ధతిలోనే, రెండుసార్లు. మొదటి జవాబు సారుకొచ్చింది. వెండి నిజమైనదే, బరువు సరిగ్గానే ఉంది, కానీ ఇది టంకశాలలో కొట్టినది కాదు, ఎవరో అచ్చులో పోసినది, నకిలీ. సారు చదివి మడిచి జేబులో పెట్టుకుని, ఆ రోజు బొగ్గు పొట్లాలు ఎన్నొచ్చాయని అడిగారు. రెండో జవాబు నెలన్నర తర్వాత నా పేరున వచ్చింది. కవరు విప్పకుండా తీసుకెళ్లాను. అందులో వేరే మాట ఉంటే నాణెం బతుకుతుంది, కానీ ఆ బొంబాయి మనిషి మీది నమ్మకం పోతుంది. ఏది కోరుకోవాలో నాకే తెలియలేదు. నిజం చెప్పాలంటే నాణెమే బతకాలని కోరుకున్నాను.

సారు కవరు చింపి చదివారు. "కలిసినయి" అన్నారు, బూడిద అంకెలు చూసినప్పటి గొంతుతోనే.

ఆ ఆదివారం నన్ను కూడా కోర్పనా బస్సెక్కించారు. రెండో ఉత్తరం నా పేరున ఉంది కాబట్టి సాక్షిగా ఉండాలన్నారు. రాజన్న ఇంటి ముందు పత్తి మూటలు సర్దుతున్నాడు. తమ్ముణ్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆయన భార్య మంచినీళ్లు తెచ్చింది. సారు రెండు ఉత్తరాలూ గడప మీద పరిచి, రూపాయి వాటిపైన పెట్టారు.

"అన్నా, బాపు ఇచ్చింది నకిలీదంట. మంచి మనిషితోని రెండుసార్లు చూపించిన. దీని కోసం నువ్వు నా మీద కోపం వెట్టుకోవల్సిన పని లేదు. ఈ సరోజను అడుగు."

రాజన్న ఉత్తరాల వంక చూడలేదు. రూపాయి తీసుకుని గడప రాయి మీద జారవిడిచాడు. టంకశాల రూపాయిలా అది మోగలేదు. పెంకు పడ్డట్టు చప్పుడయింది.

"పంపకాలకు ముందునాడు గిదే రాయి మీద ఇడిచి చూసిన తమ్మీ" అన్నాడు. "నాకప్పుడే ఎరుకైంది. చెప్తే భూమిల సగం నీకు పోతదని నోరు మూసుకున్న. నీ మీద కోపమెక్కడిది? నీ మొఖం చూడలేకనే రాలే."

సారు వంగి రూపాయి తీసి, అన్న అరచేతిలో పెట్టి వేళ్లు మూశారు.

"మూడు కలిసినయన్నట్టు" అన్నారు.

అన్నం తిని వెళ్లమని వదిన ఎంత బతిమాలినా ఉండలేదు. తిరుగు బస్సులో రాజూరా దాటేదాకా ఆయన కిటికీ బయటికే చూశారు. తర్వాత నాతో కాదన్నట్టుగా అన్నారు: "అందరికన్న ముందు సరిగ్గ చూసింది మా అన్ననే. ఏ బొంబాయీ అక్కర లేకుండె. ఏం లాభం, చెప్పలే." అప్పుడు ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఆ ఒక్కసారే చూశాను.

ఆ సగం పొలం ఆయన అడగలేదు. అన్న ఇస్తానన్నాడో లేదో కూడా నాకు తెలియదు. సారు ఇప్పుడు లేరు. నేనిప్పుడు వేరొక ల్యాబుకి పెద్దని, ఒకే పొట్లం రెండు నంబర్లతో నా కింది కుర్ర కెమిస్టులకూ పెడుతుంటాను. పోయినేడు నేను సంతకం పెట్టిన ఒక రిపోర్టులో తప్పుందని ఈమధ్య పాత కాగితాలు తిరగేస్తుంటే తెలిసింది. ఎవరూ అడగలేదు, ఇక అడగరు కూడా. మూడు రోజులు నోరు మూసుకుని తిరిగాను. ప్రదర్శనలో ఆ డబ్బీని బల్ల మీద పెట్టింది మూడో రోజున. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా కూర్చుని, నా మొదటి రిపోర్టు తప్పు, దయచేసి వెనక్కి పంపగలరు అని రాశాను.