నీళ్ళు తగలని తల

కామమ్మ తల గురించి మాట్లాడని నోరు పట్టపుపాళెంలో లేదు. చేపలమ్మే ఊళ్ళో ఆడదాని తల చేపల వాసన కొడితే ఎవరూ ముక్కు మూసుకోరు. తలకు చెంబుడు నీళ్ళయినా పోసుకోని మనిషి తల కమ్మటి కచ్చూరాల వాసన కొడుతుంటే మాత్రం ఎవరు ఊరుకుంటారు చెప్పండి?

బోగోలుకు తూర్పున, సముద్రం అంచున ఉన్న పాళెం అది. అక్కడొక కట్టడి ఉంది. మొగుడు వేటకు పోతే, అతని తెప్ప ఒడ్డెక్కేదాకా పెళ్ళాం తలకు నీళ్ళు పోసుకోదు. పోసుకుందా, అది చావు స్నానం కిందే లెక్క. పొద్దున పోయినవాళ్ళు మాపటికి వచ్చేస్తారు కాబట్టి దాంతో ఎవరికీ ఏ చిక్కూ లేదు. చిక్కంతా కామమ్మకే వచ్చింది. పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, కార్తీకంలో, ఆమె మొగుడు చిన్నపోలయ్య తెప్ప తోసుకుని పోయాడు. సాయంత్రానికి గాలివాన పట్టుకుంది. తెప్ప రాలేదు, తెడ్డు రాలేదు, మనిషి ఆనవాలన్నది రాలేదు.

నెల తిరక్కముందే పాళెం పెద్ద ముత్యాలయ్య నలుగురిని వెంటేసుకుని గుడిసె ముందుకు వచ్చాడు.

"ఇంక నీళ్ళు బోసుకోమ్మా. పోయినోడు పోయినాడు. నువ్వు బోసుకుంటే గానీ కర్మ జరగదు."

"పోయినాడని ఎవురు జెప్పినారు మామా? సముద్రం జెప్పిందా?" అంది కామమ్మ. "శవాన్ని జూపీండి. చెంబుడు గాదు, బావెడు బోసుకుంటా."

అత్త అంకాలమ్మ గుంజకు ఆనుకుని కూర్చుని ఏడుస్తోంది. "కన్న కడుపు నాది. నాకు లేని ఆశ నీకేందే?" అని కసిరింది. కామమ్మకూ ఏడుపు వచ్చింది. వీళ్ళ ముందు ఏడిస్తే ఒప్పుకున్నట్టేనని మింగేసింది.

పంతం పట్టడం తేలికే. తల ఊరుకుంటుందా? ఉప్పుగాలి, చెమట, నెత్తిన చేపల గంప. పక్షం తిరిగేసరికి జుట్టు పీచుగా తయారైంది. గోకి గోకి మాడు పుండయింది. "మొగుడి మీద ప్రేమని పేలు పెంచుతా ఉండాది" అన్నారు బావి కాడ. ఆ మాట ఆమెకు పుండు మీద ఉప్పులా పడింది. మురికి తలతో ఎదురు తిరిగితే మురికిదంటారు, శుభ్రమైన తలతో తిరిగితే ఏమంటారో చూద్దామనుకుంది.

ముందు బియ్యప్పిండి రుద్దింది. గంప ఎత్తుకుని రెండు వీధులు తిరిగేసరికి చెమటకు ముద్దయి కూర్చుంది. "నెత్తిన అట్టు బోసుకున్నావా వొదినా?" అని నవ్వారు. సరుగుడు బూడిద పెట్టింది. అది మంటెత్తి, వెంట్రుకలు పుటుక్కున తెగడం మొదలెట్టాయి. బిట్రగుంట రైల్వే కాలనీలో వాడుకగా చేపలు కొనే రెబెక్కమ్మ జాలిపడి మొహానికి పూసుకునే పౌడరు డబ్బా ఇచ్చింది. వాసన మహా బాగుంది గానీ, జుట్టు తెల్లబడి నిండు వయసు మనిషి ముసలిదానిలా ఇంటికొచ్చింది.

"మొగుడు రాకముందే ముసిల్దైపోయినావే!" అన్నారు ఇరుగుపొరుగు.

"అయితే అయినాను. ముసిల్దాన్నయిందాకా చూస్తాలే!" అంది కామమ్మ.

చివరికి దారి చూపింది సంతలో సాంబ్రాణి, కళ్ళకు పెట్టే సురమా అమ్మే మదార్‌బీ. విషయమంతా విని, జుట్టు పాయ ఒకటి వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"తెల్ల పిండి ఎందుకు కామమ్మా, నీది నల్ల జుట్టు గదా? రాగులు మాడీ మాడకుండా ఏయించు. మెత్తంగా ఇసిరి పల్చని గుడ్డలో జల్లించు. కచ్చూరాలు దంచి కలుపు. కుదుళ్ళకు రుద్ది, జిడ్డు పీల్చినాక పేల దువ్వెనతో దువ్వెయ్. ఆపైన సాంబ్రాణి పొగ పట్టు."

"నీళ్ళు తగలకుండా మురికి పొయ్యిద్దా బూబమ్మా?"

"నీ పంతం మాత్రం పోదులే" అని నవ్వింది మదార్‌బీ.

ఆ పొడి కుదిరింది. చెమట పట్టినా ముద్ద కట్టలేదు, నల్ల జుట్టులో కనపడలేదు. కామమ్మ దాన్ని బొడ్డుసంచిలో పెట్టుకుని తిరిగేది. వాన పడితే తాటాకు చాప కప్పుకుని పరిగెత్తేది. చుక్క నీరు నెత్తిన పడనిచ్చేది కాదు.

రెండేళ్ళు గడిచాయి. ఆ ఏడు వలల్లో చేప పడలేదు. గంగమ్మ పొంగళ్ళు దగ్గర పడ్డాయి. ముత్యాలయ్య పాళేన్నంతా ఒడ్డు మీద కూడేశాడు.

"పాళెంలో మైల ఉండాది. అది కామమ్మ నెత్తిన ఉండాది. ఈ పొద్దు నీళ్ళు బోసుకోవాల్సిందే. పోసుకోకుంటే మనమే బోస్తాం."

నీళ్ళ కడవ తెచ్చి పెట్టారు. కామమ్మ కొప్పు విప్పింది. జుట్టు నడుం దాకా జారింది.

"మైలంటే మురికే గదా మామా? ఇదిగో నా తల, ఇదిగో దువ్వెన. ఒక్క పేను, ఒక్క చుండ్రు పొట్టు తీసి చూపీండి. ఇప్పుడే సముద్రంలో మునిగి లేస్తా."

"మైల యేరు, మురికి యేరు!"

"నీళ్ళు బోస్తే పొయ్యేది ఏదైనా మురికే మామా. మురికే లేని తలకు నీళ్ళెందుకు?"

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముత్యాలయ్య మొహం కందగడ్డయింది. "నీతో నాకేంది వాదం? అంకాలమ్మా! ఆడు నీ కొడుకు. దువ్వి నువ్వే జెప్పు. నీ మాటే పాళేనికి మాట."

అప్పుడు భయమేసింది కామమ్మకు. రెండేళ్ళుగా నీళ్ళు పోసుకోమని పోరుతున్న మనిషి అంకాలమ్మ. ఈమె 'మైల' అన్నదంటే కడవ నెత్తిన పడుతుంది, పోలయ్య ఇక్కడే, ఈ ఇసకలోనే చచ్చిపోతాడు.

ముసలామె దువ్వెన అందుకుంది. కుదుళ్ళ నుంచి కొసల దాకా దువ్వింది. దువ్వెన పళ్ళు ఎండకు ఎత్తి చూసింది. కోడలి నెత్తి మీద మొహం పెట్టి వాసన పీల్చింది. తలెత్తి సముద్రం కేసి చూసింది.

తర్వాత కడవను కాలితో తన్నింది. నీళ్ళన్నీ ఇసకలోకి ఇంకిపోయాయి. కోడలి ముందు చతికిలబడి, తన పిడికెడు ముడి విప్పుకుంది.

"నా నెత్తికీ ఆ పొడి రుద్దమ్మే. నా కొడుకొచ్చిందాకా నాకూ నీళ్ళొద్దు."

తల్లికి ఆ కట్టడి లేదు. ఎన్నడూ ఎవరూ పెట్టలేదు.

కామమ్మ బొడ్డుసంచి విప్పింది. రెండేళ్ళుగా మింగిన ఏడుపంతా అప్పుడు బయటికొచ్చింది. పొడి తీసి అత్త మాడుకు రుద్దుతుంటే తెల్లటి జుట్టంతా నల్లగా మచ్చలు పడింది.

"నీ తెల్ల జుట్టుకు ఇది పనికిరాదత్తా. కనపడతా ఉండాది."

"కనపడనీ. బాగా రుద్దు" అంది అంకాలమ్మ.