కూత ఆగిన తర్వాత

కబడ్డీలో కాలు పట్టడం నాకు నేర్పింది డ్రిల్లు మాస్టారని ఊళ్ళో అందరూ అనుకుంటారు. మాస్టారు కూడా అలాగే చెప్పుకునేవారు. పెద్దాయన కదా అని నేనూ ఊరుకునేదాన్ని. నిజానికి నేర్పింది మా నాన్న. అదీ ఎద్దుల కాళ్ళ మీద.

నాన్న ఎద్దులకు నాడాలు కొట్టేవాడు. చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో అప్పటికింకా ఎడ్లబళ్ళు తిరుగుతుండేవి. నాడా కొట్టాలంటే ముందు ఎద్దును పడెయ్యాలి. తాడు నడుముకూ కాళ్ళకూ తిప్పి ఒక్క గుంజు గుంజితే అంత జంతువూ దబ్బున కూలిపోయేది. ఎద్దుగలాయన దాని మెడ మీద కూర్చునేవాడు. కాళ్ళు కట్టేదాకా వెనక కాలు కదలకుండా పట్టుకునే పని నాది. మా ఇంట్లో మగపిల్లలు లేరు. ఉన్నా నా అంత మొండిఘటాలు అయ్యుండేవాళ్ళు కాదు. పన్నెండేళ్ళప్పుడు ఒక గిత్త తన్నిన తన్నుకు నా కింది పెదవి చీలిపోయింది. రక్తం మింగుతూనే కాలు పట్టుకున్నాను. నాన్న ఓసారి ఇటు చూసి, "తర్వాత ఏడుద్దువుగాని, ముందు గట్టిగా పట్టు" అన్నాడు.

ఆ పనిలో నాన్నకు ఒక్కటే నియమం. కాలు పట్టినప్పుడు చెవి ఎద్దు ఊపిరి మీద ఉంచాలి. కిందపడ్డ ఎద్దు ఊపిరి బిగబట్టి పెనుగులాడుతుంది. కాసేపటికి 'హూఁ' అని వదిలేస్తుంది. "అదుగో, వదిలింది. ఒప్పేసుకుందన్నమాట. ఇంక నీ బలం చూపించమాకమ్మా. ఒప్పుకున్నదాని మీద బలం చూపిస్తే కాలు విరుగుద్ది" అనేవాడు. నేను వెంటనే పట్టు సడలించేదాన్ని. నాకు తెలిసి ఒక్క ఎద్దు కాలు కూడా మా చేతుల్లో విరగలేదు.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా హైస్కూల్లో ఆడపిల్లల కబడ్డీ జట్టు పెట్టారు. మొదటిరోజే పదో తరగతి పిల్ల ఒకతె కూత కూస్తూ నా వైపు వచ్చింది. చీలమండ అందుకుని లాగాను. మూతి నేలకు కొట్టుకుని, ఆ పిల్ల వారం రోజులు గంజి తాగింది. వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి తిట్టిపోసింది. మాస్టారు మాత్రం, "ఇది ఉడుంపట్టు! దీన్ని ఎడం మూల నిలబెట్టండి" అన్నారు. ఆ మూలలోనే పద్నాలుగేళ్ళు నిలబడ్డాను.

తిరునాళ్ళప్పుడల్లా టోర్నమెంట్లు. మోపిదేవి, అవనిగడ్డ, హంసలదీవి దాకా వెళ్ళేవాళ్ళం. కోసేసిన వరిచేలో సున్నం గీతలు గీసి, అదే గ్రౌండు అనేవారు. దుబ్బులు గీసుకుని మోకాళ్ళకు తోలు మిగిలేది కాదు. ఇంటికొచ్చాక అమ్మ ఉప్పు కాపడం పెడుతూ తిట్టేది, తిడుతూ ఏడ్చేది. ఒకచోట గీత పక్కనే నిలబడ్డ ఒకడు మా నిక్కర్ల గురించి ఒక మాటన్నాడు. ఆట మధ్యలో గీత దాటి వెళ్ళి వాడి డొక్కలో తన్నాను. గీత దాటినందుకు నన్ను అవుటిచ్చారు. ఆ అవుటుకు నాకిప్పటికీ విచారం లేదు.

నాకు ఇంకో పేరు కూడా ఉండేది, మంచి పేరే. కూత ఆగగానే వదిలేస్తుందని. కూత ఆగితే వచ్చినవాళ్ళు అవుటు, ఇక పట్టుకోవాల్సిన పనిలేదు. కానీ చాలామంది వదలరు. నాలుగు పీకులు పీకి, మీదపడి, అప్పుడు లేస్తారు. నా చెవి మాత్రం ఎప్పుడూ ఊపిరి మీదే ఉండేది. అంపైరు ఈల కన్నా ముందే నా వేళ్ళు వదులయ్యేవి.

బందరు జట్టులో ఒక పిల్ల ఉండేది. గిలకలదిండి వైపు, చేపలు పట్టేవాళ్ళమ్మాయి. వలలు లాగి లాగి గట్టిపడ్డ భుజాలు. ఆ పిల్ల కూతకొస్తే ఒక పట్టాన ఊపిరి ఆగేది కాదు. మా అందరి ప్రాణాలూ తోడేసి, వెళ్తూ వెళ్తూ ఒకరిని ముట్టి, నవ్వుకుంటూ గీత దాటేది. రెండేళ్ళలో ఎన్నోసార్లు ఎదురుపడ్డాం. ఒకసారి మడమతో నా వేలు తొక్కి విరిచింది. ఇంకోసారి నేను దాన్ని ఎత్తి కుదేస్తే రెండు రోజులు మెడ తిప్పలేకపోయింది. ఆట అయ్యాక మాత్రం వాళ్ళమ్మ కట్టిచ్చిన ఎండురొయ్యల వేపుడు తెచ్చి నా ఆకులో వేసేది. "తిను, బలం రావాలి గదా నన్ను పట్టాలంటే" అనేది. నాకు ఒళ్ళు మండేది, వేపుడు మాత్రం వదిలేదాన్ని కాదు.

తొంభైల చివర్లో గుడివాడలో జిల్లా పోటీలు జరిగాయి. అప్పటికి ఊళ్ళలో ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చేశాయి. నాన్న సుత్తి మూలన పడింది. నడుం పట్టేసి వేరే పనికి వెళ్ళలేకపోయేవాడు. పోటీల ముందురోజు మాస్టారు నన్ను పిలిచి చెప్పారు. విజయవాడ నుంచి ఒక ఆఫీసువాళ్ళు ఆట చూడ్డానికి వస్తున్నారు, ఆటగాళ్ళ కోటాలో మన జిల్లా నుంచి ఒక్క పిల్లకే ఉద్యోగం ఇస్తారు. ఆ ఒక్కళ్ళు నేనో బందరు పిల్లో అయి ఉంటామని మా ఇద్దరికీ తెలుసు. ఫైనలు కూడా మా జట్లకే పడింది.

మొదటి సగంలోనే నా పన్ను పోయింది. చీలమండ అందుకోబోతుంటే బందరు పిల్ల వెనక్కి తన్నింది. మడమ సూటిగా వచ్చి నోటికి తగిలింది. ముందు పన్ను విరిగి నాలుక మీద పడింది. ఉమ్మేశాను. చొక్కా అంతా రక్తం. అంపైరు, "ఆడతావా, బయటికొస్తావా అమ్మా?" అన్నారు. నోరు తెరిస్తే రక్తం కారుతుందని, ఆడతానన్నట్టు తల ఊపాను. బందరు పిల్ల అవతలి నుంచి నన్ను చూసి నవ్వింది. అది మామూలుగా నవ్వే నవ్వేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం దాన్ని చంపేద్దామన్నంత కోపం వచ్చింది. ఆ తర్వాత కూతకొచ్చిన ప్రతి పిల్లనీ నేలకేసి కొట్టాను. ఒకతెకు మోచెయ్యి బెణికింది, ఇంకొకతె ఏడుస్తూ బయటికెళ్ళిపోయింది. గోడెక్కి చూస్తున్న జనం ఈలలు వేశారు.

ఆఖరి నిమిషంలో మేం ఒక్క పాయింటు ముందున్నాం. బందరు పిల్ల కూతకొచ్చింది. మూలకు వచ్చేదాకా ఆగి, కాలు అందుకున్నాను. మా వాళ్ళు ఇద్దరు నడుం పట్టారు. మా ముగ్గుర్నీ ఈడ్చుకుంటూనే నడిమి గీత వైపు వెళ్తోంది. కూత కూస్తూ గీత ముట్టిందంటే మేం ముగ్గురం అవుటు, ఆట వాళ్ళది, ఉద్యోగం దానిది. గీత జానెడు దూరంలో ఉండగా నా వేళ్ళు విడదియ్యడానికి వంగింది. దాని నోరు నా చెవి పక్కకు వచ్చింది.

అప్పుడు కూత ఆగింది.

కబడ్డీ కబడ్డీ అంటున్న గొంతు 'హూఁ' అని వదిలేసింది. జనం గోలలో అంపైరుకు వినపడే వీల్లేదు. నాకు వినపడింది. దాని వేడి కూడా తగిలింది. మరుక్షణం అది గీత మీదికి చెయ్యి చాపింది.

అంపైరు మోసపోతారేమోనని భయపడే అలా చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కదలకుండా పట్టుకుని ఉంటే చాలు, గీత అందేది కాదు. నేను పట్టుకుని ఊరుకోలేదు. కాలు చంకలో ఇరికించుకుని, ఒంటి బరువంతా వేసి, మోకాలు వంగని వైపుకు మెలిపెట్టాను. పచ్చికొమ్మ విరిచిన చప్పుడు వచ్చింది. బందరు పిల్ల అరిచిన అరుపుకు జనం ఒక్కసారిగా నోరు మూశారు. ఈల తర్వాత మోగింది.

అంపైరు పరిగెత్తుకుంటూ వచ్చి వంగారు. ఆయనకు అనుమానం ఉంది. "నిజం చెప్పమ్మా. నీ కూత ఆగాక లాగిందా ఈ అమ్మాయి?" అని అడిగారు. ఔనంటే నన్ను అక్కడికక్కడే బయటికి పంపేసేవారు. విజయవాడ వాళ్ళు కుర్చీల్లోంచి లేచి చూస్తున్నారు.

కూతకెళ్ళే ప్రతి పిల్లకూ మొదటిరోజే ఒక మాట నేర్పుతారు. ప్రాణం పోతున్నా సరే, కూత ఆగిందని ఒప్పుకోవద్దని. బందరు పిల్ల మోకాలి కింద కాలు పక్కకు తిరిగిపోయి ఉంది. ముఖమంతా మట్టి, కన్నీళ్ళు. అయినా పళ్ళు బిగించి, "ఆగలేదండి, కూత ఉందండి, గీత ముట్టానండి" అంది.

అంపైరు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. ఆగిందా?"

"వినపళ్ళేదండి" అన్నాను.

చెయ్యి గీతకు అందలేదని, ఆట మాదేనన్నారు. రిక్షా మీద పడుకోబెట్టి ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నా వీపు చరిచి చరిచి మావాళ్ళు మండబెట్టేశారు. రెండు నెలలకు ఉద్యోగం కాగితం వచ్చింది. ఇంట్లో అందరూ ఏడ్చారు, సంతోషంతో. నాన్న మాత్రం నన్ను అరుగు మీదకు పిలిచి మెల్లగా అడిగాడు. "ఆ పిల్ల కాలు విరిగిందంట గదా. ఊపిరి వదిలాకా, ముందా?"

"ముందే నాన్నా."

నా చేతులకేసి కాసేపు చూసి, సరేలే అన్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు. ఆ అబద్ధంతోనే వెళ్ళిపోయాడు.

విజయవాడలో పదేళ్ళు ఆడాను. భుజం రెండుసార్లు ఊడింది. ఒక పక్కటెముక, రెండు వేళ్ళు, ముక్కు విరిగాయి. దెబ్బ తగిలిన ప్రతిసారీ నాకు లోపల కాస్త హాయిగా ఉండేది. ఆ హాయి వాపు తగ్గేదాకానే ఉండేది. పేపర్లో ఫొటోలు పడ్డాయి, షీల్డులు వచ్చాయి. రైళ్ళెక్కి ఎక్కడెక్కడికో వెళ్ళి ఎవరెవరినో నేలకేసి కొట్టి వచ్చాను. రాత్రి పడుకుంటే చెవిలో ఆ 'హూఁ' ఉండేది.

ఆట మానేసిన ఏడాది ఆఫీసు పని మీద బందరు వెళ్ళాను. పని అయిపోయాక, ఎందుకు వెళ్తున్నానో తెలిసే, చేపల బజారుకు వెళ్ళాను. చివరి వరసలో కత్తిపీట ముందు బందరు పిల్ల కూర్చుని ఉంది. ఎడమ కాలు కర్రలా ముందుకు చాపే ఉంది. అది వంగదు. దాన్ని దాటుకుంటూ జనం తిరుగుతున్నారు.

"ఏం కావాలండీ? పండుగప్ప ఉంది, తాజాది" అంటూ తలెత్తి నా నోటివైపు చూసింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పన్ను కట్టించుకున్నావే!" అని నవ్వింది. అదే నవ్వు.

నేలమీద కూర్చున్నాను. ఉద్యోగం బాగుందా అంది, బాగుందన్నాను. "బాగుండాలి మరి" అంది, అందులో వెటకారం లేదు. చేప పొలుసు తీస్తూనే చెప్పుకొచ్చింది. "మా ఆయనా, మా అమ్మా, 'అది కావాలనే విరిచిందే' అంటారు. నేనొప్పుకోను. ఎన్నిసార్లు పట్టుకున్నావు నన్ను! కూత ఆగిందంటే చాలు వదిలేసేదానివి. 'ఆ గోలలో దానికి వినపళ్ళేదు, వినపడితే వదిలేసేది' అంటాను. ఆ ఒక్క మాట మీద నెట్టుకొచ్చాలే ఇన్నాళ్ళూ. లేపోతే ఈ కాలు చూసుకుంటా పిచ్చెక్కేది."

అరకేజీ పండుగప్ప కొనుక్కుని బస్సెక్కేస్తే సరిపోయేది. దాని కోసమే అబద్ధం నిలబెట్టాననుకుని హాయిగా నిద్రపోయేదాన్ని. కానీ నాన్నకు చెప్పిన అబద్ధం నాన్నతో పోలేదు. ఇంకోటి మొయ్యడం నా వల్ల కాలేదు.

"వినపడింది" అన్నాను.

"ఏంటీ?"

"నీ కూత ఆగడం. నా చెవిలోనే ఆగింది. విన్నాకే మెలిపెట్టాను."

చేతిలో చేప కింద పెట్టింది. గుంజ పట్టుకుని ఒంటికాలి మీద లేచింది. నేనూ లేచాను. చెయ్యి ఎత్తింది. అది నా ముఖం దాకా రాకముందే నా చెయ్యి దానంతటదే లేచి మణికట్టు పట్టేసింది. పట్టాలని నేను అనుకోలేదు. బజారంతా మా వైపు తిరిగింది. ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రబడి, చెయ్యి విడిపించుకోవాలని గుంజుతోంది. నా వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. ఎముక తగులుతోంది.

అప్పుడు 'హూఁ' అని వదిలేసింది. వెంటే ఏడుపు వచ్చింది.

నేను వదిలేశాను.

చేప నెత్తురుతో తడిసిన అరచెయ్యి ఫెడీమని నా చెంప మీద పడింది. కట్టుడు పన్ను ఊడి చేపల మధ్య పడింది. రెండోది కూడా కొట్టింది. మూడోది కొట్టబోయి, బలం చాలక గుంజను పట్టుకుంది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

కాసేపటికి మెల్లగా కూర్చుని, కాలు చాపుకుంది. చేపలు అటూ ఇటూ నెట్టి పన్ను వెతికింది. పక్కనున్న బకెట్లో కడిగి నా చేతిలో పెట్టింది.

"ఇంక వెళ్ళు" అంది. "మళ్ళీ ఈ బజారుకు రామాక."

నేను మళ్ళీ వెళ్ళలేదు.