గట్టు మీద తెల్ల లైట్లు

తాడేపల్లిగూడెంలో మాది ఉల్లిపాయల కొట్టు. మా ఇంట్లో ఉల్లిపాయలు కాక వేరే సరుకు మాట ఎత్తితే పెద్దన్నయ్య మొహం ముడుచుకుంటుంది. అలాంటి కొట్టు వదిలేసి నేను లారీ కొన్నాను. అదీ డ్రైవరు అక్కర్లేదు, నేనే నడుపుతానన్నాను. అన్నయ్య కోప్పడలేదు. కొట్టులో నేను కూర్చునే కుర్చీకి మాత్రం రోజూ దుమ్ము తుడిపించేవాడు. "ఉండనీండి, వచ్చేస్తాడుగా" అనేవాడట. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

కొల్లేరు చెరువుల నుంచి ఏలూరుకు చేపలు చేరవేసే పని దొరికింది. దొరికిందని అనుకోవడమే గానీ పూర్తిగా చేతికి రాలేదు. అక్కడ చాలా చెరువుల వ్యవహారం ఒకాయన చూస్తారు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. ఆయన నన్నూ లారీనీ ఎగాదిగా చూసి, "ఈ చలికాలం తిరగండి. గట్టు మీద మీ పద్ధతేంటో చూసి, మా పట్టుబడంతా మీకే ఇచ్చేద్దారండి" అన్నారు. పట్టుబడి అంటే వల వేసి తీసిన చేపలన్నీ. అది దక్కితే నేను లారీ ఓనర్ని. దక్కకపోతే అన్నయ్య తుడిపించిన కుర్చీ ఉండనే ఉంది.

ఆ గట్టు సంగతి చెప్పాలి. రెండు వైపులా చెరువులు, మధ్యలో ఒక్క బండి పట్టే దారి. నడుమ ఒకచోట కాస్త వెడల్పు చేశారు. ఎదురుబొదురుగా రెండు బండ్లు వస్తే ఎవరో ఒకరు అక్కడిదాకా వెనక్కి వెళ్లాలి. తెల్లవారుతుండగా నేను ఖాళీ లారీతో లోపలికి వెళ్లేవాణ్ణి. అప్పటికే చేపలు నింపుకున్న బండ్లు బయటికి వచ్చేవి. నన్ను చూడగానే లైట్లు ఆర్పి వెలిగించేవారు, తగ్గమని. నేను తగ్గేవాణ్ణి. రివర్సు నాకు చేతకాని విద్య. ఓసారి వెనక చక్రం గట్టు దిగితే ట్రాక్టరు కట్టి లాగారు. అప్పట్నుంచీ నేను కనబడితే చాలు, "గూడెంగారు వస్తున్నారండి, తాడు ఉందాండి మన దగ్గర?" అని ఒకరినొకరు ఎంతో మర్యాదగా అడిగేవారు.

కొత్త కోడలి చేతే అంట్లన్నీ తోమించినట్టు, కొత్తవాణ్ణి కాబట్టి నా చేతే రివర్సు చేయిస్తున్నారని నేను తీర్మానించుకున్నాను. దానికితోడు నా లైట్లు గుడ్డివి. పొగమంచులో ఆ పసుపు వెలుగు చూసి ఎవడు లెక్కచేస్తాడు? ముందు బల్బులు మార్చాలి అనుకున్నాను.

ఏలూరులో ఆటో ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లాను. చీరలు కొనాలని మా ఆవిడ కూడా వచ్చింది. వ్యాపారి ఇంట్లో పుట్టినవాణ్ణి, చూపించగానే కొనేస్తే రక్తం ఒప్పుకోదు. ఉన్న బల్బులన్నీ బయటికి తీయించాను. ఒక్కొక్కటీ బ్యాటరీకి పెట్టి వెలిగించమన్నాను. ఇది ఎంత దూరం కొడుతుంది, అది ఎన్నాళ్లు వస్తుంది, ఇది వేడెక్కుతుందా, అది వానకు తట్టుకుంటుందా? షాపాయన ఓపిగ్గా చెబుతూనే ఉన్నాడు. మా ఆవిడ స్టూలు మీద కూర్చుని ఆవలించింది.

"పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంతసేపు చూడలేదండి మీరు" అంది.

"అప్పుడు వెలిగించి చూసుకునే వీల్లేదుగా" అన్నాను. షాపాయన నవ్వు ఆపుకోవడానికి డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు.

చివరికి తెల్లటి ఎల్‌ఈడీలు తేల్చాను. కింద ఉండే ఫాగ్ లైట్లకు మాత్రం పసుపువే ఉంచుకోమన్నాడు షాపాయన. "మంచులో తెలుపు మన మీదకే కొడుద్దండి" అన్నాడు. పాత సరుకు అంటగడుతున్నాడని నాకు అనుమానం వచ్చింది. మా కొట్టులో మొలకెత్తిన ఉల్లిపాయల్ని మేమూ అలాగే పొగుడుతాం. అన్నీ తెల్లవే బిగించమన్నాను.

బిగించి వెలిగిస్తే, వెలుగు ఎదురుగోడ మీద మోకాలెత్తున పడింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత పెట్టి కొన్న వెలుగు నేల మీద పారబోసుకోవడానికా? పైకెత్తమన్నాను. "ఎదుటివాళ్ల కళ్లల్లో పడుద్దండి" అన్నాడు. పడనీయమన్నాను. ఆయన స్క్రూలు తిప్పాడు. ఇంకా అన్నాను, ఇంకా తిప్పాడు. ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మా వంక చూసింది. అప్పటికి నాకు తృప్తి కలిగింది.

మర్నాడు పొద్దున్నే గట్టు ఎక్కాను. మంచు దట్టంగా ఉంది. లైట్లు వేయగానే లోకమంతా తెల్లబడిపోయింది. పాలగిన్నెలో తల దూర్చినట్టుంది, రోడ్డన్నది లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, గట్టు అంచున గడ్డి చూసుకుంటూ నత్తలా పోనిచ్చాను. ఇంతలో ఎదురుగా బండి వచ్చింది. అలవాటు కొద్దీ గేరు మీద చెయ్యి వేశాను. ఆ బండి ఆగింది. కాసేపు నా వంక చూసినట్టు నిలబడి, దానంతట అదే వెనక్కి పోవడం మొదలుపెట్టింది. నిండుగా చేపలున్న బండి. వెడల్పు దగ్గర పక్కకు తీసుకుని, డ్రైవరు చెయ్యెత్తి దణ్ణం కూడా పెట్టాడు. తర్వాత వచ్చిన బండీ అంతే. ఆ మర్నాడూ అంతే.

నేను ఉబ్బిపోయాను. ఇంటికొచ్చి, "మనిషన్నాక వెలుగుండాలే, చూశావా?" అన్నాను.

"రోడ్డు కనబడుతోందాండి?" అంది మా ఆవిడ.

"కనబడక్కర్లేదు. అందరూ తప్పుకుంటున్నారు" అన్నాను.

ఆ వైభవం ఎన్నాళ్లో సాగలేదు. ఒకరోజు ఎదురొచ్చిన బండి వెనక్కి వెళుతూ వెళుతూ గట్టు అంచుకు ఒరిగింది. మనుషులు దిగి, చక్రాల కింద రాళ్లు పెట్టి, నానా అవస్థా పడి దాన్ని వెడల్పు చోటికి చేర్చారు. నేను నా తెల్ల వెలుగులో దర్జాగా కూర్చుని చూస్తున్నాను. ఆ బండిలోంచి దిగి, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకాయన నా కిటికీ దగ్గరికి నడిచొచ్చారు. పెద్దాయన.

"నమస్కారమండి. బాగా బరువు మీదున్నట్టున్నారు. చేపల మేతాండి?"

"కాదండి."

"మరేం లోడండి?"

"లోడేం లేదండి. ఖాళీయే" అన్నాను.

ఆయన వెనక్కి వెళ్లి టార్పాలిన్ ఎత్తి చూశారు. ఖాళీ ట్రేలు తప్ప ఏమీ లేవు. తిరిగొచ్చి, పిల్లాడికి పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు.

"బరువుంటే బండి వెనక్కి కుంగుద్ది కదండి, లైటు పైకి లేస్తాది. మంచులో మాకు బండి కనబడదు, లైటే కనబడుద్ది. ఎవరి లైటు పైకుంటే వారిది బరువు, రెండోవారు తగ్గుతారు. ఈ గట్టు వేసినప్పట్నుంచీ ఇదే పద్ధతండి. మీ లైటు ఆకాశంలోకి ఉంటే, చెరువులన్నిటి మేతా ఒక్క బండికే ఎక్కించారు పాపం, అనుకున్నామండి."

ఆయన వెనక, వరసలో ఆగిపోయిన బండ్లు దిగొచ్చి, ఇన్నాళ్లూ నాకు దారిచ్చిన డ్రైవర్లు నిలబడి ఉన్నారు. తాడు మాట ఎవరూ ఎత్తలేదు. ఒక్కరు నవ్వినా బాగుండేది. నిండు బండ్లతో, ఐసు కరిగిపోతున్నా, నా ఖాళీ లారీకి వీళ్లంతా వెనక్కి తగ్గారు. బరువు మోస్తున్నవాడినని నా మీద జాలిపడ్డారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నా పని అయిపోయిందని కూడా అర్థమైంది.

"ఇప్పుడేం చేయమంటారండి?" అన్నాను.

"ఏముందండి. ఖాళీ మీరు. తగ్గండి" అన్నారు.

వెడల్పు చోటులో ఆయన బండి ఉంది, దాని వెనక మిగతా బండ్లున్నాయి కాబట్టి, నన్ను మెయిన్ రోడ్డు వరకూ తగ్గమన్నారు. వెనక నడుస్తూ ఆయనే దారి చెప్పారు. "కుడికండి. ఇంకాస్త కుడికండి. అబ్బే, అది చెరువండి." అంత చలిలోనూ చొక్కా తడిసిపోయింది. రోడ్డెక్కాక ఒక్కో బండీ నన్ను దాటి వెళ్లింది. పెద్దాయన నా వైపు చూడలేదు.

అటునుంచి అటే ఏలూరు వెళ్లి, పాత బల్బులే పెట్టించి, ఫాగ్ లైట్లకు పసుపువి వేయించి, అన్నీ నేలచూపులు చూసేలా దింపించాను. మా ఆవిడ ఒక్కటే అడిగింది, "మీ అన్నయ్యగారికి ఫోను చేయమంటారా?" అని. "రేపు ఒక్కరోజు ఆగు" అన్నాను.

మర్నాడు మంచు ఇంకా ఎక్కువగా ఉంది. పసుపు వెలుగు ఎంతో దూరం పోలేదు గానీ, పోయినంత మేర గట్టుకు రెండంచులూ కనబడ్డాయి. కాసేపటికి ఎదురుగా లైట్లు పైకి లేచిన బండి వచ్చింది. అది సైగ చేయకముందే నేను వెనక్కి బయల్దేరాను. మెడ తిప్పి తిప్పి, ఆగి ఆగి, ఎలాగో వెడల్పు చోటికి చేరి పక్కకు తీసుకున్నాను. ఆ బండి వచ్చి నా పక్కనే ఆగింది. అద్దం దిగింది. పెద్దాయన.

"మా పట్టుబడంతా ఇంక మీదేనండి. మూడో చెరువు కాడ వల తీసేశారు, ఎక్కించడానికి మనుషుల్ని పెట్టాను. ఐసు కరిగిపోద్ది, వేగిరం వెళ్లండి" అన్నారు.

"ఆయ్" అన్నాను. వెళ్లొస్తానని చెప్పడం కూడా మరచి బండి ముందుకు పోనిచ్చాను.