నేను చెరిపేసిన ముసలామె

“సోమారం కంపెనీల చేరాలె. గంతే.”

“సోమారం నేను సారు ఇంటికి పోవాలె, నాయ్నమ్మా. నెల రోజులాగి చేరుతనని కంపెనీకి రాసిన.”

“ఎవరిని అడిగి రాసినవ్?”

“ఎవరిని అడగాలె? నౌకరీ నాది.”

“మీ నాయిన గూడ గిట్లనే ఎవరిని అడగకుంట లైట్ల పనికి పోయిండు. ఏమైంది మరి?”

“నాయిన ముచ్చట తియ్యకు. నీకు నాయిన ఏడ యాదికున్నడు? నీకు యాదికున్నయి ఆయన గుండీలు.”

ఆ మాట అని నా మనవరాలు మానస చెప్పులేసుకొని బయటికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచి ఒక బరువు మోస్తున్నాను. మానసకు అప్పుడు ఇరవై ఒకటి. ఇప్పుడు దాని కూతురే బడికి పోతోంది. ఇన్నేళ్లలో దేవుడి ముందు కూడా ఈ సంగతి నోటితో అనలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. నా మనవరాలు తీసిన సినిమాను నేను చెరిపేశాను. పొరపాటున కాదు. తెలిసే.

ఒక ముక్కలో చెబితే ఇంతే. కానీ ఒక ముక్కలో చెబితే నేను తప్పించుకున్నట్టే.

మాది కృష్ణానగర్. ముందు గది వీడియో దుకాణానికి కిరాయికి ఇచ్చాము. సత్తయ్య అని, పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు. వెనక రెండు గదుల్లో నేను, కోడలు, మానస. నా కొడుకు లైట్‌మ్యాన్. ఫిల్మ్ నగర్‌లో ఒక సెట్టులో, పైన కట్టిన చెక్క మీద నుంచి లైటుతో సహా కింద పడ్డాడు. మానసకు అప్పుడు తొమ్మిదేళ్లు. కోడలు బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరింది. ఇల్లూ పిల్లా నా చేతికి వచ్చాయి.

నా చేతిలో ఏదీ వృథా కాలేదు. పాల ప్యాకెట్లు కడిగి తీగ మీద ఆరేసేదాన్ని. సబ్బు సగానికి కోసి ఇచ్చేదాన్ని. కాలిన అగ్గిపుల్లతోనే ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యి అంటించేదాన్ని. పిల్ల ఊరికే నవ్వినా ఎందుకు నవ్వుతున్నావని అడిగేదాన్ని. అలా పెంచి ఇంజనీరింగు దాకా తెచ్చాను. ఆ రోజుల్లో మా సందులో ఎవరింట్లో చూసినా సాఫ్ట్‌వేర్ మాటే. తెల్లవారితే కంపెనీ బండ్లు పిల్లల్ని ఎక్కించుకొని హైటెక్ సిటీ వైపు పోయేవి. మానసకు కాలేజీలో ఉండగానే ఉద్యోగం వచ్చింది. ఆ కాగితం దేవుడి పటం వెనక పెట్టాను.

దానికేమో సినిమా పిచ్చి. అన్ని సినిమాలూ కాదు, ఒకే ఒక్క దర్శకుడివి. జూబ్లీ హిల్స్ గుట్ట మీద ఆయన ఇల్లు. పేరు రాయను, మానస సారు అనేది. ఆయన సినిమాల్లో పాటలుండవు. మనుషులు పని చేసుకుంటూ ఉంటే మనం చూస్తూ కూర్చోవాలి. ఒకసారి సీడీ తెచ్చి నాకు చూపించింది. ఒకామె బియ్యం ఏరుతూనే ఉంది. ఇది సినిమానా, మన ఇల్లా అన్నాను. అదే కదా నాయ్నమ్మా అని సంబరపడింది.

ఆ ఏడు మూఢం వచ్చింది. ముహూర్తాలు లేవు, పెళ్లిళ్లు లేవు. సత్తయ్య కెమెరా సంచిలో ఖాళీగా ఉంది. మూఢం పోయేదాకా వాడుకొమ్మని మానసకు ఇచ్చాడు. అది ఒక కొత్త క్యాసెట్టు కొనుక్కుంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. తీసిన ముక్కల్ని కంప్యూటర్లో కోసి అతికించే వీలు దానికి లేదు. అందుకని కథ ఎలా నడవాలో ఆ వరుసలోనే తీసింది. నచ్చకపోతే వెనక్కి తిప్పి దాని మీదే మళ్లీ తీసేది. ఆ క్యాసెట్టే సినిమా. దానికి నకలు లేదు.

వేషం వేసింది యాదమ్మ. మా సందు చివర గదిలో ఉండేది. ముప్పై ఏళ్లుగా జూనియర్ ఆర్టిస్టు. సంతలో ఒక మనిషి, చావింట్లో ఒక మనిషి, కోర్టులో వెనక వరసలో ఒక మనిషి. కెమెరా వైపు చూడొద్దన్న మాట తప్ప ఆమెతో ఏ దర్శకుడూ ఏమీ అనలేదు. మానస మాత్రం, పెద్దమ్మా కెమెరా దిక్కే చూడు అందట. ఆ మాట యాదమ్మ నాకు నాలుగుసార్లు చెప్పింది.

సారు ఇంట్లో వంటామె యాదమ్మకు తెలుసు. ఆమె చేత అడిగిస్తే సోమవారం పొద్దున రమ్మన్నారు. ఆయన బాగాలేదంటే మారు మాట్లాడకుండా కంపెనీలో చేరతానని మానస నాకు చెప్పింది కూడా. అది అడిగింది అంతే, ఆయన ఒక్కసారి చూడాలని. ఆ ఒక్కసారి లేకుండా చేశాను.

మా పోట్లాట శనివారం సాయంత్రం. మూఢం ఆ రోజుతో సరి. మర్నాడు సత్తయ్య ఒక పెళ్లికి వీడియో తీయాలి. మానస విసురుగా వెళ్లిపోయాక కెమెరా బల్ల మీద ఉంది. ఎలా చూడాలో అదే అంతకుముందు నాకు నేర్పింది. చిన్న తలుపు తెరిస్తే అరచేయంత బొమ్మ.

యాదమ్మ పాల ప్యాకెట్లు ఆరేస్తోంది. యాదమ్మ సబ్బు కోస్తోంది. కట్టుకున్నది నా చీరే, ఎప్పుడు తీసుకుపోయిందో. తర్వాత నేల మీద కూర్చుని, మగవాడి చొక్కా ఒకటి ఒళ్లో పెట్టుకొని, కత్తెరతో గుండీలు కోయడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తలుపు చాటు నుంచి, తొమ్మిదేళ్ల పిల్ల నిలబడి చూస్తే ఎంత ఎత్తులో కనిపిస్తుందో అంత ఎత్తు నుంచి తీసింది.

కొడుకు పోయిన పదకొండో రోజున నేను చేసిన పని అది. చొక్కాలు పంచిపెట్టే ముందు గుండీలు కోసుకున్నాను. పిల్ల చూసిందని నాకు తెలియదు. పిసినారితనంతో కోశానా? వాడు పనికి పోయేటప్పుడు వాకిట్లో నిలబడి, కింది గుండీ నుంచి మొదలుపెట్టి పైకి పెట్టుకునేవాడు. వాడి వేళ్లు రోజూ తాకినవి ఇంకొకడి ఒంటి మీదికి పోవడం నాకు ఇష్టం లేకపోయింది. అలా అని ఎవరికైనా చెప్పానా? చెప్పలేదు. చెప్పకపోతే పిల్లకు ఎలా తెలుస్తుంది? ఎప్పుడైనా పనికొస్తాయని కూడా ఆ రోజు అనుకున్నానేమో. అదీ ఉండే ఉంటుంది. రెండింటినీ ఇప్పుడు విడదీయలేను.

బొమ్మ ఆపేశాను. మిగిలింది చూడలేదు.

దీపం పెట్టే వేళకు మానస తిరిగి వచ్చింది. అది పోట్లాడాక తప్పయిందని అనదు. వచ్చి ఏదో ఒకటి చూపిస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. క్యాసెట్టు బయటికి తీసి, దాని వెనక ఉన్న చిన్న మీట నాకు చూపించింది.

“ఇది గిటు జరిపితే ఇగ దీని మీద ఎవ్వరు ఏం తియ్యలేరు, నాయ్నమ్మా. పెండ్లి గిండ్లి ఏదీ ఎక్కది.”

గోటితో జరిపింది. క్యాసెట్టు డబ్బాలో పెట్టి, డబ్బా మీద ‘నాయ్నమ్మ’ అని రాసి, అల్మారాలో పెట్టింది. కెమెరా సత్తయ్యకు ఇచ్చి వచ్చింది.

సోమవారం సారు ఇంట్లో ఆ డబ్బాలోని క్యాసెట్టు మిషన్లో పెడితే తెర మీద ఎవరిదో పెళ్లి వచ్చిందట. తలంబ్రాలు పోసుకుంటున్నారట. ఆయన కాసేపు చూసి, అసలుది దొరికితే తీసుకురా అమ్మా అన్నారట. మానస గుట్ట దిగి పరుగున వచ్చింది. పెళ్లివాళ్లకు సీడీ ఇచ్చేశాక అదే క్యాసెట్టు మీద ఇంకో పెళ్లి తీయడం సత్తయ్య అలవాటు. దుకాణంలో ఉన్న క్యాసెట్లన్నీ వేసి చూసింది. కొత్తది కాబట్టి దాని క్యాసెట్టు గుర్తుపట్టింది. దాని మీద ఆదివారం పెళ్లి, ఈ చివర నుంచి ఆ చివర దాకా.

వచ్చి మెట్టు మీద కూర్చుంది. సత్తయ్యను ఒక్క మాట అనలేదు. కెమెరా ఇచ్చేటప్పుడు తానే క్యాసెట్లు మార్చి పెట్టినట్టుంది అన్నది. మీట జరిపిన అనుకున్న, జరపలేదేమో నాయ్నమ్మా అన్నది. తన బొటనవేలి గోరు చూసుకుంది.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. నోరు తెరిచాను కూడా. “అయిందేదో అయింది, లే, తిను” అన్నాను.

ఆ వారంలోనే కంపెనీలో చేరింది. మళ్లీ కెమెరా ముట్టలేదు. సారు ఇంటి వైపు పోలేదు. ఇప్పుడు గ్యాసు కట్టేసి మూడుసార్లు చూస్తుంది. తాళం వేసి లిఫ్టు దాకా పోయి వెనక్కి వస్తుంది. దాని భర్త నవ్వుతాడు. నాకు నవ్వు రాదు. దాని చేతిని అది నమ్మదు. ఆ నమ్మకం పోగొట్టింది నేను.

యాదమ్మ కూడా వచ్చింది, సోమవారం సాయంత్రమే, తల దువ్వుకొని. మానస మొహం చూపించలేక లోపలే ఉండిపోయింది.

“అక్కా, సారు నా మొఖం చూసిండా?”

“చూసిండట. మంచిగ చేసినవన్నడట.”

బతికినన్నాళ్లు ఆ మాట సందంతా చెప్పుకుంది. షూటింగు వ్యాను కోసం నిలబడే చోట కూడా చెప్పుకునేదట. ఆమె పోయాక కూతురు వచ్చి, మా అమ్మ మొఖం పిల్లలకు చూపిస్తా, ఆ క్యాసెట్టు ఇవ్వమని అడిగింది. సారు దగ్గరే ఉండిపోయిందని చెప్పాను.

పిల్ల మంచికే చేశానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. కొడుకును మింగిన పనికి మనవరాలిని పోనివ్వలేదని. అబద్ధం కాదు. కానీ అదే అయితే సీడీ తెచ్చి చూపించిన రోజే అడ్డుపడేదాన్ని కదా? కెమెరా ఇంటికి వచ్చిన రోజే వెనక్కి పంపేదాన్ని కదా? నా చెయ్యి కదిలింది ఆ గుండీల బొమ్మ చూశాకే. ఎవరో పెద్ద మనిషి సోఫాలో కూర్చుని నన్ను చూస్తాడని.

పోయిన నెల మొదటిసారి అడిగాను, ఆ సినిమా ఆఖర్న ఏముండేది బిడ్డా అని. ల్యాప్‌టాప్ నుంచి తల ఎత్తలేదు. యాదికి లేదు నాయ్నమ్మా అన్నది. నిజంగా లేదో, చెప్పడం ఇష్టం లేదో. యాదమ్మ లేదు. ఆ ముసలామె ఆ గుండీలు ఏం చేసిందో చెప్పేవాళ్లు ఇక లేరు. పిల్ల నన్ను తిట్టడానికే తీసిందా? నాకు తెలియనిది ఏదైనా నాలో చూసిందా? ఆ జవాబు మీద నేనే పెళ్లి ఎక్కించాను.

దానికి చెబితే దాని చెయ్యి దానికి తిరిగి వస్తుందేమో. అయినా చెప్పలేకపోతున్నాను. ఉన్న నాలుగు రోజులు నన్ను నాయ్నమ్మా అని పిలవాలని ఉంది. ఇది కూడా దాచుకోవడమే. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇంత రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతవరకే. ఆ ఆదివారం పొద్దుటి సంగతి మాత్రం రాయకుండా చుట్టూ తిరుగుతున్నాను. అది కూడా రాసేస్తాను.

మానస ఇంకా లేవలేదు. కోడలు ఆసుపత్రికి పోయింది. నేను వాకిలి ఊడ్చి నీళ్లు చల్లాను. సత్తయ్య షట్టరు ఎత్తి, చాయ్ తాగడానికి మూల మీదికి పోయాడు. అల్మారా తీశాను. ‘నాయ్నమ్మ’ అని రాసిన డబ్బాలోంచి క్యాసెట్టు తీశాను. గోటితో మీట వెనక్కి తోశాను. మొదటిసారి జరగలేదు. రెండోసారి జరిగింది. దుకాణంలో బల్ల మీది అట్టపెట్టెలో పాత క్యాసెట్లు ఉన్నాయి. ఒకటి తీసుకొని, దీన్ని అన్నింటికీ పైన పెట్టాను. తీసుకున్నదాన్ని మానస డబ్బాలో పెట్టి అల్మారా మూశాను. సత్తయ్య వచ్చి పైనున్న క్యాసెట్టు కెమెరాలో వేసుకొని, సంచి భుజాన తగిలించుకున్నాడు. పోయొస్త పెద్దమ్మా అన్నాడు. పైలం అన్నాను. ఆటో సందు మలుపు తిరిగిపోయింది. లోపలికి వచ్చి ఉప్మా చేశాను. మానస లేచి, మొహం కడుక్కొని, నా పక్కన కూర్చుని తిన్నది. ఉప్పు సరిపోయిందా అని అడిగాను. సరిపోయింది అన్నది.