గోరింక పిల్ల, నిచ్చెన బావ, మా చెల్లెలి ఒట్టు

మా బావ ఒక గోరింక పిల్లను కాపాడటానికి ఏడు ఫైరింజన్లు తెప్పించి, ఊరంతటికీ కరెంటు తీయించాడు.

సరే, ఏడు కాదు. ఒకటి. కరెంటు కూడా ఆయన తీయించలేదు, రోజూ పోయే వేళకు దానంతట అదే పోయింది. నేను కాన్వెంటులో చదివేటప్పుడు మా మదర్ ఒక మాట చెప్పేది: అబద్ధమాడాలనిపిస్తే ముందు పది దాకా లెక్కపెట్టు అని. నేను ఎప్పుడూ ఏడు దగ్గరే ఆగలేక నోరు తెరుస్తాను. ఆ ఏడు ఇంజన్లు అలా వచ్చినవే. మిగతాదంతా నిజం. పిల్ల నిజం, పిల్లి నిజం, నిచ్చెన నిజం, మా చెల్లెలి ఒట్టు అన్నిటికన్నా నిజం.

బావ అంటే మా చెల్లెలి మొగుడు. ఫైర్ స్టేషన్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. ఇంజన్ ఆగీ ఆగకముందే నిచ్చెన ఎక్కేసే మనిషి ఒకడుంటాడు చూడండి, ఆయనే ఈయన. స్టేషన్లో పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, అందరికీ "నిచ్చెన"గారే. కాలే మేడల మీంచి మనుషుల్ని దించాడు. మేకల్ని దించాడు, ఒక హార్మోనియాన్ని దించాడు, ప్రమోషన్ ఇస్తేగాని నీళ్ళ ట్యాంకు దిగనని భీష్మించుకున్న ఒక గుమాస్తాను మాటల్లో పెట్టి, చంకలో పెట్టి మరీ దించాడు. ఒక్క ప్రాణాన్ని కూడా జారవిడవలేదు.

ఆ ఉద్యోగం మనిషిని వదిలినా మనిషి దాన్ని వదల్లేదు. ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు రెండో తలుపు ఎటుందో చూసుకుంటాడు. అగ్గిపుల్ల ఆర్పి, నీళ్ళలో ముంచి, రెండు వేళ్ళతో నలిపి చూస్తేగాని పారేయడు. రిటైరై ఏడాదైనా మంచం పక్కన బూట్లు, ఆ బూట్లలోకి ముందే దింపి ముడిచిన ప్యాంటు సిద్ధంగా ఉండాల్సిందే. లేచిన మరుక్షణం కాళ్ళు నేరుగా అందులోకి దిగాలి. "మా పడగ్గదిలో నడుం దాకా మనిషి, ఆ పైన దయ్యం, అలాంటివాడొకడు ఎప్పుడూ నిలబడే ఉంటాడు అన్నయ్యా" అంటుంది మా చెల్లెలు.

మూడు నెలల కిందట ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. "మెట్లు రోజుకొక్కసారి. నిచ్చెన మాత్రం ఈ జన్మకు చాలు" అన్నాడు డాక్టరు. మా చెల్లెలు అక్కడితో ఊరుకోలేదు. మొగుడి చెయ్యి తీసి తన నెత్తిన పెట్టించుకుని, ఇంకెప్పుడూ నిచ్చెన ఎక్కనని ఒట్టు వేయించుకుంది. ఇంట్లో బల్బులు మార్చే చిన్న నిచ్చెనను కూడా ఎవరికో ఇచ్చేసింది. అప్పటినుంచి బల్బు మాడిపోతే బావ నన్ను పిలిపించి, కుర్చీ ఎక్కించి, కింద నిలబడి ఆజ్ఞలు జారీ చేస్తున్నాడు. నేను ఆయనకన్నా ఆరేళ్ళు పెద్దవాణ్ణని మనవి.

ఆ శనివారం కూడా బల్బు కోసమే వెళ్ళాను. మా చెల్లెలు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది, ఐదున్నరకు వస్తానని చెప్పింది. టైము నాలుగున్నర. చేతులు కడుక్కుందామని పెరట్లోకి అడుగు పెట్టానో లేదో, "బావా! కదలకు!" అని గావుకేక వినిపించింది.

పామనుకుని ఒంటికాలి మీద కొంగలా నిలబడిపోయాను.

"నీ కుడికాలి పక్కన ప్రాణముంది" అన్నాడు బావ.

నీళ్ళ డ్రమ్ము పక్కన, సబ్బు నురుగు ఆరిన గచ్చు మీద, ఏదో కదిలింది. బూడిదరంగు చర్మం, ఒంటినిండా ముళ్ళలా పొడుచుకొచ్చిన ఈకల మొదళ్ళు, మొహం ఉండాల్సిన చోట అంతా పసుపుపచ్చటి నోరు. అంత అనాకారి బిడ్డను నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. గోరింక పిల్ల. మా ఇద్దర్నీ చూసి, మేమే అమ్మానాన్నలం అన్నట్టు నోరు ఇంకా పెద్దగా తెరిచింది.

ప్రహరీ మీద పక్కింటి పిల్లి కూర్చుని ఉంది. ఆఫీసరు సంతకం కోసం ఎదురుచూసే మనిషిలా, ఏ తొందరా లేకుండా, లేచి మాత్రం పోకుండా.

బావ పిల్లికీ పిల్లకీ మధ్య నిలబడి పైకి చూశాడు. పెరటి గోడ అవతల బండి ఒక్కటే పట్టే సందు, సందుకు అవతల నాలుగంతస్తుల మేడ. మూడో అంతస్తు స్నానాలగది గోడకు ఒకప్పుడెవరో గీజరు పైపు కోసం కన్నం కొట్టించి, మూయించడం మరిచిపోయారు. పిల్ల అందులోంచి జారి, కింది కిటికీ రేకు మీద దొర్లి, గోడ దాటి ఇటు పడినట్టుంది. ఆ కన్నంలోంచి తల్లి గోరింక తల బయటపెట్టి, ఆపకుండా తిడుతోంది.

"అట్టపెట్టెలో పెట్టి ఈ పూటకు మనమే పెంచుదాం బావా" అన్నాను.

"ఒంటి మీద ఈక లేదు, చూడు. తల్లి రెక్క కింద పడుకోకపోతే తెల్లారేసరికి చల్లబడిపోతుంది. పైకి వెళ్ళాల్సిందే."

"మనిషి ముట్టుకుంటే తల్లి మళ్ళీ రానివ్వదంటారే?"

"ఎవరంటారు? నీలాంటివాళ్ళు అంటారు. నేను ముట్టుకుని దించిన పిల్లల్ని ఒక్క తల్లైనా వద్దు పొమ్మందా?" అంటూ రెండు అరచేతుల్నీ దొన్నెలా చేసి పిల్లను ఎత్తుకున్నాడు.  

నన్ను పిల్లకు కాపలా పెట్టి స్టేషనుకు ఫోన్ చేశాడు. "నేను, నిచ్చెనను మాట్లాడుతున్నా. ఒక ప్రాణం. మూడో అంతస్తు. ఆఁ... కాదు కాదు, ప్రాణం కిందే ఉంది. పైకి చేర్చాలి."

 ఆ ఫోనుకు పుట్టిన నాటినుంచీ అలాంటి కేసు వచ్చి ఉండదు.

"ఇవాళ శనివారం నిచ్చెన డ్రిల్లు కదరా! ఎప్పుడూ స్టేషన్ వెనక గోడకే ఎందుకు వెయ్యాలి? ఇక్కడా గోడే ఉంది" అన్నాడు బావ.

ఎనిమిది నిమిషాల్లో ఇంజన్ సందులోకి వచ్చింది. గంట కొట్టొద్దని చెప్పాడు, కొట్టుకుంటూనే వచ్చారు. గంట వినబడితే జనం రాకుండా ఉంటారా? పిల్లి ఒక్కటే వెళ్ళిపోయింది. నిచ్చెన సర్రున పైకి సాగి కన్నం కిందికి చేరింది. అంతవరకూ బ్రహ్మాండం.

ఇంజన్ లీడరు కోరమీసాల మనిషి, బావ దగ్గరే పని నేర్చుకున్నాడు. లీడరు హెల్మెట్లో మా చెల్లెలు సగం అల్లిన స్వెట్టర్ పరిచి అందులో పిల్లను పెట్టాం. లీడరు తొంగిచూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"గురువుగారూ, మనిషినైతే భుజాన వేసుకుపోతా. దీన్ని గట్టిగా పట్టుకుంటే పోతుంది, మెల్లగా పట్టుకుంటే పడుతుంది. నా వల్ల కాదు."

"నేను బండి దిగకూడదండీ, రూలు" అన్నాడు డ్రైవరు, ఎవరూ అడక్కముందే.

ఇటు చూసేసరికి బావ నడుముకు తాడు కట్టుకుంటున్నాడు.

"బావా! ఒట్టు!"

"ఒట్టు ఇంట్లో నిచ్చెనకు వేశాను. ఇది స్టేషన్ది."

"మోకాలో?"

"మోకాలు నాది. నువ్వు గేటు దగ్గర నిలబడు. మీ చెల్లెలు వస్తే ఏదో ఒకటి చెప్పి ఆపు. నీకు అదొక్కటేగా చేతనయిన విద్య!"

పైజామా మీదే ఎక్కాడు. హెల్మెట్ బెల్టు మెడలో వేలాడుతోంది. మొదటి పది మెట్లు ముసలాడిలా ఎక్కాడు, తర్వాతి పది మెట్లు మా చెల్లెల్ని చూడటానికి మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజులా ఎక్కాడు. కింద జనం "ఒకటో అంతస్తు! రెండో అంతస్తు!" అని అరుస్తున్నారు. నేను గేటు సంగతి మరిచిపోయి వాళ్ళకన్నా గట్టిగా అరుస్తున్నాను.

మూడో అంతస్తు కిటికీ తెరుచుకుంది. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ.

"అయ్యో! మా ఇంట్లో మంటలా?"

"లేవమ్మా."

"మరి దొంగవా?"

"పైజామా వేసుకుని, ఫైరింజన్ నిచ్చెన మీద, ఇంతమంది చూస్తుండగా ఏ దొంగ వస్తాడమ్మా? మీ గోడలో కాపురముంటున్నవాళ్ళ బిడ్డ కింద పడింది. అప్పగించడానికొచ్చా."

"మా గోడలోనా! ఇంటాయనకు తెలుసా?"

బావ కన్నంలోకి చెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు. ఇంకోసారీ అలాగే. తర్వాత చకచకా దిగొచ్చాడు. ఆ మొహంలో వెలుగు చూస్తే రిటైరైన మనిషని ఎవరూ అనరు. కాలు నేల మీద పెట్టి, సెల్యూట్ చేసినంత పని చేసి, "అందరూ క్షేమం!" అన్నాడు.

"ఎంతమంది గురువుగారూ?" అన్నాడు లీడరు అలవాటు చొప్పున.

"నలుగురు!"

జనం చప్పట్లు కొట్టారు. లీడరు కొట్టాడు. నేనూ కొట్టాను. కొడుతూ హెల్మెట్లోకి తొంగిచూశాను. నాలుగు పసుపుపచ్చ నోళ్ళు.

"బావా," అన్నాను మెల్లగా, "నువ్వు వెళ్ళింది ఒకదాన్ని ఎక్కించడానికి కదూ?"

తప్పు ఆయనది కాదు. వాళ్ళ స్టేషన్ గోడ మీద ఎర్ర అక్షరాల్లో రాసి ఉంటుంది: పైన ప్రాణం ఉండగా కిందికి దిగకు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అది చదువుకుంటూ టీ తాగిన మనిషి. చీకటి కన్నంలో మూడు నోళ్ళు తెరుచుకుని కనబడితే, బుర్ర సంగతి బుర్రే చూసుకోవాలి, చేతులు వాటి పని అవి చేసేశాయి. ఆ చేతులకు దించడమే తెలుసు. ఎక్కించడం ఎవరు నేర్పారని?

బావ హెల్మెట్ వంక చూశాడు. నిచ్చెన వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

సరిగ్గా అప్పుడే తల్లి గోరింక పురుగును కరుచుకుని వచ్చి కన్నంలో దూరింది. ఒక్క క్షణం. బయటికొచ్చింది. పురుగు ముక్కులోంచి జారిపోయింది. అది పెట్టిన అరుపుకు జనం చప్పట్లు ఆగిపోయాయి. ఇప్పటిదాకా ఒక ప్రాణం, ఇప్పుడు నాలుగు. పొద్దు వాలుతోంది.

"నన్ను క్షమించు తల్లీ, ఇదిగో వస్తున్నా" అని గోరింకతోనే అని, బావ మళ్ళీ నిచ్చెన పట్టుకున్నాడు. ఈసారి మొదటి మెట్టుకే మోకాలు కలుక్కుమంది, నాకు వినబడింది. పళ్ళు బిగించి ఎక్కాడు.

నాకు గేటు గుర్తొచ్చింది. పరిగెత్తాను. మా చెల్లెలు అప్పటికే గేటు గడియ తీస్తోంది.

"సందులో ఇంజనుందేంటి అన్నయ్యా?"

చెప్పడానికి నోటినిండా అబద్ధాలు రావాల్సిన వేళ. జీవితంలో మొదటిసారి ఒక్కటీ రాలేదు. కంగారులో నిజం చెప్పేశాను.

"మీ ఆయన మూడో అంతస్తులో నిచ్చెన మీద ఉన్నాడమ్మా. ఒక గోరింక పిల్లను ఎక్కించబోయి మిగతా మూడింటినీ దించేశాడు. ఇప్పుడు నాలుగింటినీ తిరిగి ఎక్కిస్తున్నాడు."

మా చెల్లెలు నన్ను ఎగాదిగా చూసింది.

"చాల్లే అన్నయ్యా. పోయినసారి ఏనుగన్నావు. వాళ్ళ స్టేషన్ కుర్రాళ్ళు కబుర్లకొచ్చి ఉంటారు, టీ పెడతా పద" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

యాభై ఏళ్ళుగా కూడబెట్టుకున్న నా చెడ్డపేరు ఆ రోజు అక్కరకొచ్చింది.

అంతా బాగానే ఉండేది, కరెంటు పోయింది. వంటిల్లు చీకటైంది. టీ గిన్నె పట్టుకుని మా చెల్లెలు వెలుతురు కోసం పెరటి తలుపు తీసింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఒకటి, రెండు, మూడు... ఏడు దగ్గర తెరిచాను.

పెరటి గోడ ఆరడుగులు. మా బావ ఐదడుగుల నాలుగంగుళాలు. గోడ మీదుగా అవతలి సందులోంచి బావ తల, మెడ, సగం ఛాతీ కనబడుతున్నాయి.

"ఏంటండీ," అంది మా చెల్లెలు, "మీరంత పొడుగెప్పుడయ్యారు?"

"ఇటుక మీద నిలబడ్డానే" అన్నాడు బావ. మాట అంటుండగానే ఛాతీ పోయింది. మెడ పోయింది. తల మర్యాదగా, మెల్లగా, నవ్వుతూనే గోడ వెనక్కి దిగిపోయింది.

పైన తల్లి గోరింక కొత్త పురుగుతో కన్నంలో దూరింది. లోపలినుంచి గొడవ మొదలైంది. నాలుగు గొంతులు. నేను లెక్కపెట్టాను, పది దాకా లెక్కపెట్టే ఓపికతోనే లెక్కపెట్టాను. అందరికన్నా కర్ణకఠోరంగా అరిచేది మా పెరటి బిడ్డే.

ఆ రాత్రి మోకాలు బూరెలా పొంగితే, చలిగాలి పడిందన్నాడు. స్వెట్టర్ మీది మరకలు నా మీదకు తోశాడు. మర్నాడు ఆ కన్నం కింద సందులో, రెండు కిటికీ ఊచలకూ మా గోడ మేకులకూ నాలుగు చెంగులూ కట్టిన ఒక పాత దుప్పటి వేలాడింది, మేడల మీంచి దూకేవాళ్ళకు ఫైర్‌వాళ్ళు పట్టే గుడ్డలాగా. "ఇదెందుకండీ?" అంటే "ఎండకు" అన్నాడు. సందులో ఎండ పడదు. పిల్లలు నాలుగూ ఎగిరిపోయేదాకా ఆ దుప్పటి తీయలేదు.

ఇది రాసి సాక్ష్యాలు కూడబెడదామని తిరిగాను. మూడో అంతస్తు ఆవిడ ఆ వేళ తనకు కళ్ళజోడు లేదంది. "శనివారం డ్రిల్లు జరిగింది, అంతే" అన్నాడు లీడరు మీసం దువ్వుకుంటూ. డ్రైవరు బండి దిగలేదు గనక ఏమీ చూడలేదట. చివరికి మా చెల్లెలు ఎదురుగా కూర్చుని ఉండగా మొత్తం చదివి బావకే వినిపించాను.

ఆయన పేపరు మడిచాడు. మోకాలు మీద చెయ్యి వేసుకోబోయి, తీసేశాడు.

"మా పెరట్లో ఏ పిట్టా పడలేదు. ఇంజన్ రాలేదు. నేను నిచ్చెన ఎక్కలేదు. ఆ శనివారం సాయంత్రమంతా పడుకుని నిద్రపోయాను" అన్నాడు మా బావ.