ముందుగా ఏమీ తెలియనక్కర్లేదు

మా ఆఫీసు సొంతంగా తయారుచేసుకున్న ఒక ఫ్రేమ్‌వర్క్ ఉండేది. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే సరంజామా అది. దాన్ని వాడటం పాఠాలుగా నేర్పే డాక్యుమెంటేషన్ సర్దే పని నా నెత్తిన పడింది. రాసిన మహానుభావులు మొదటి పేజీలోనే రౌటర్, కంట్రోలర్, మిడిల్‌వేర్ అంటూ లోపలి భాగాల పేర్లన్నీ కుమ్మరించారు. కొత్తగా చేరినవాళ్లు అది చదివి బిక్కమొహం వేసేవాళ్లు. ఏమీ తెలియని మనిషి చదువుతుంటే ఎక్కడ ఆగిపోతుందో పక్కన కూర్చుని చూడాలనుకున్నాను. ఆఫీసులో అందరికీ అన్నీ తెలుసు. ఇబ్రహీంపట్నంలో ఉండే మా పెద్దమ్మ కూతురు గుర్తొచ్చింది.

అక్క అక్కడి కాలేజీలోనే ఇంజినీరింగ్ చదివింది. పెళ్లయి, పిల్లలు పుట్టాక సర్టిఫికెట్లు బీరువాలోకి, చదివింది మరపులోకి పోయాయి. ఉన్న పొలం ప్లాట్లయింది, బావ క్యాబ్ నడుపుతున్నాడు.

"నేర్చుకుంటే మీ ఆఫీసుల నాకు కొలువు దొరుకుతదా తమ్మి?" అని అడిగింది.

"నేను మాట్లాడుత అక్కా" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు నేను వాళ్లింటికి వెళ్లేవాణ్ని, ఆమె చదివేది. ఆగినచోట నేను విడమరిచి చెప్పకూడదు, గుర్తు పెట్టుకోవాలి, అంతే. నోరు ఊరుకోని నాకు అదొక శిక్ష.

"గింతమందిని ఒక్కసారే చూపెడితే ఎవలు ఎవలో ఎట్ల తెలుస్తది?" అని ఒకరోజు విసుక్కుంది. "దవాఖానకు పోతే ముందు చీటి రాస్తరు, ఏ రూముకు పోవాల్నో చెప్తరు, ఆడ డాక్టరు చూస్తడు. జర గట్ల నడిపియ్యి."

అలాగే నడిపించాను. ఒక క్లిక్కు ఎక్కడ బయల్దేరి, ఎక్కడెక్కడ ఆగి, ఏ జవాబుతో తిరిగొస్తుందో ముందు చూపించి, ఆ తర్వాతే పేర్లు చెప్పాను. అన్నిటికీ పైన, ముందుగా మీకేమీ తెలియనక్కర్లేదని ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. అక్క దాన్ని పైకి చదివి నవ్వింది.

వానలు మొదలయ్యేసరికి, కాలనీకి నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో చూపించే చిన్న సైటు తనే కట్టింది. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. మర్నాడే మేనేజర్ దగ్గరికి వెళ్లాను. డాక్యుమెంటేషన్‌ను తెగ మెచ్చుకున్నాడు. అక్క సంగతి ఎత్తగానే, రెండేళ్ల అనుభవం లేనిదే తీసుకోలేమన్నాడు.

"పోనీ, మిగతా పాఠాలు చదివి చూడటానికైనా పిలుద్దాం" అన్నాను.

"ఆమెకిప్పుడు అన్నీ తెలిసిపోయాయి కదా. ఏమీ తెలియని ఇంకొకరిని చూడు."

ఒళ్లు మండిపోయింది. తలూపి వచ్చేశాను.

ఆ సాయంత్రం వెళ్లి అక్కకు చెప్పాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను కానీ ఏడవలేదు. ఎదురుగా ఆ మొదటి పేజీయే తెరిచి ఉంది. అన్నిటికీ పైనున్న వాక్యం మీద వేలు పెట్టింది.

"గీ మొదటి మాట తీసెయ్ తమ్మి" అంది. "నా లెక్కనే ఇంకెవలన్న నమ్ముతరు."

తీసేద్దామని అడిగి చూశాను, మేనేజర్ ఒప్పుకోలేదు. కొత్తగా చేరేవాళ్లకు అన్నిటికన్నా ఆ వాక్యమే నచ్చుతోందట.