తడి నూలు వేస్తేనే పలికిన తీగ

ఇప్పుడు మా ఇంట్లో మనిషికో ఫోను ఉంది. పక్క గదిలో ఉన్న కోడలు కూడా "అత్తా, చాయ్ తాగుతవా" అని ఫోనులోనే అడుగుతుంది. నేను పెళ్ళయి సోలాపూర్‌లో ఈ నీలం నగర్‌కు వచ్చిన కొత్తలో ఇలా కాదు. అప్పట్లో మాట బరువైన వస్తువు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే దానికి కార్డు ముక్కో, బస్సో, తెలిసిన మనిషో కావాలి. ఊళ్ళ సంగతి అలా ఉంచండి, ఒకే ఇంట్లో కొత్త కోడలి మాట మొగుడి దాకా చేరాలన్నా మధ్యలో మా అత్త ఒక సుంకం నాకాలాగా కూర్చునేది. వచ్చిన మాటనూ పోయే మాటనూ ఆపి, మూట విప్పి చూసి గానీ వదిలేది కాదు. (నవ్వకు, రాయి. నేను చెప్తుంటే రాసేది మా మనవరాలు. నాకు సంతకం వరకే వచ్చు.) అలాంటి ఇంట్లో మాట కోసం గచ్చి మీద, అంటే డాబా మీద, ఒక తీగ కట్టారు. ఆ తీగ కథే ఇది.

మా ఆయన కుంఠా నాకా దగ్గర మరమగ్గాల షెడ్డులో జాబర్, అంటే మగ్గం మొరాయిస్తే దాన్ని దారిలో పెట్టేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా రేడియో పిచ్చి. పాటలు వినే రేడియో అయితే నేనూ సంతోషించేదాన్ని. ఇది ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు గాలిలో మాట్లాడుకునే రేడియో. దానికి సర్కారు పరీక్ష ఉంటుందట, అది కూడా రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. షెడ్డు నుంచి వచ్చి, చేతుల నూనె కడుక్కుని, రాగి తీగలు చుట్టుకుంటూ అతుకులు వేసుకుంటూ డబ్బా సొంతంగా తయారు చేశాడు. ఊళ్ళో సవతులు పూలు పెట్టుకుంటారు, నా సవతి ముందర బొత్తాలు పెట్టుకుని కూర్చుంది. దాన్ని తుడిచే పని మాత్రం నాదే.

డబ్బా ఒక్కటే ఉంటే సరిపోదు, గచ్చి మీద తీగ కూడా సరిగ్గా కొలతకు ఉండాలట. కొలత తప్పితే పంపిన మాట ఆకాశంలోకి పోకుండా తీగ కొస దాకా పోయి మళ్ళీ ఇంట్లోకే వస్తుందని చెప్పాడు. నాకు వెంటనే అర్థమైంది. కొలత తప్పిన చాదర్‌ను సేఠ్ వాపస్ పంపినట్టే కదా. ఎంత మాట వాపస్ వస్తోందో చూపించడానికి ఒక మీటరు, మీటరులో ఒక ముల్లు. ముల్లు పడుకుంటే మాట పోయినట్టు, లేచి నిలబడితే వాపస్ వచ్చినట్టు.

ఇక మా అత్త సంగతి. ఆమె ఇంటి వెనక తొట్టిల్లాంటి గాబులు పెట్టుకుని నూలు చిలపలకు రంగులు వేసేది. చిలపలంటే దండల్లా చుట్టిన నూలు. వాటిని రంగులో ముంచి, పిండి, గచ్చి మీద అడ్డంగా కట్టిన వెదురు బొంగులకు వేలాడదీసి ఆరబెట్టాలి. మా ఆయనకు తీగ కట్టడానికి స్తంభం కావలసి వచ్చింది. ఆ బొంగుల్లో అన్నిటికన్నా పొడుగుదాన్ని ఊడదీసి గచ్చి నడుమ నిలబెట్టేశాడు. దాని తల నుంచి తీగ రెండు చేతుల్లాగా జారుతూ అటు పిట్టగోడకూ ఇటు పిట్టగోడకూ దిగింది. అత్త పైకి వచ్చి చూసింది.

"నా బొంగేదిరా?"

"గదే అవ్వా, నిలవడ్డది."

"పండుకున్న బొంగును లేపి నిలవెట్టినవ్. ఇగ నూలు యాడ ఆరెయ్యాలె, నీ నెత్తి మీదనా?"

మా ఆయనకు అత్తను లొంగదీసే దారి ఒక్కటే తెలుసు. ఆమె అక్క సిరిసిల్లలో ఉండేది. మా పెళ్ళికి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పలేదు, ఈమె అడగలేదు. ఇద్దరూ కార్డు ముక్క కూడా రాయించడం మానేశారు. అత్త పైకి "ఆమె ఊసు నాకు నక్కో" అనేది గానీ, సిరిసిల్ల నుంచి ఎవరు వచ్చినా ముందు వాళ్ళకు నీళ్ళు ఇచ్చి, ఆ తర్వాత ఊరి సంగతులన్నీ అడిగి, చివరకు ఏమీ పట్టనట్టు "మా అక్క మోకాళ్ళెట్లున్నయో ఏమో" అనేది. ఆ అక్క పక్కింట్లో ఉండే బడి సారుకు సరిగ్గా ఇలాంటి రేడియోనే ఉంది.

"అవ్వా, తార తయారైతే పెద్దవ్వ ముచ్చట నీకు వినవెడ్త," అన్నాడు మా ఆయన. తార అంటే తీగే.

అత్త చాలాసేపు బొంగును కిందికీ మీదికీ చూసింది. "వచ్చే సుట్టీ నాటికి మా అక్క ముచ్చట రావాలె. రాకుంటే బొంగు నాది నాకు, తార బట్టలకు, డబ్బా భంగార్‌కు. మల్ల నన్ను అనొద్దు," అంది. సుట్టీ అంటే మగ్గాలకు సెలవు రోజు. ఆమె అన్నదంటే చేస్తుంది. కుక్కరు ఈలవేయడం ఆలస్యమైందని కొత్త కుక్కరునే పాత సామాన్లు కొనే భంగారువాడికి ఇచ్చేసిన మనిషి ఆమె.

తీగ కొలత సరిచేసే రోజు వచ్చింది. ఆయన కింద గదిలో మీటరు ముందు, నేను గచ్చి మీద తీగ కత్తిరించే పక్కడ్ పట్టుకుని తీగ కొస దగ్గర. మధ్యలో మెట్లు. ఆయన కింద నుంచి అరవాలి, నేను పైనుంచి అరవాలి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెళ్ళయిన దగ్గర్నుంచి మేమిద్దరం పగటిపూట అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదటిసారి. రెండు గదుల ఇల్లు, ఒక గదిలో అత్త, ఇంకో గదిలో అత్త చెవులు. ఇప్పుడేమో గల్లీ అంతా వినేటట్టు మాట్లాడుకుంటున్నా ఎవరూ అడ్డం చెప్పడానికి లేదు, తీగ పని కదా.

"తార ఎట్లుంది?"

"మంచిగుంది."

"గట్టిగుందా?"

"గట్టిగనే ఉంది."

"వేలెడంత కత్తిరించు."

"ఏ వేలు?"

"నీ వేలే."

"నడిమి వేలా, బొటన వేలా?"

కింద నుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వు మళ్ళీ వినడానికి నేను ప్రతిసారీ ఏ వేలో అడిగాను. పక్క గచ్చి మీద బీడీలు చుట్టుకుంటున్న చిన్నమ్మ తల ఎత్తి, "ఏందే పిల్లా, పొద్దటి సంది ఇద్దరు ఏం కత్తిరిస్తున్రు? పెండ్లిల తలంబ్రాలు గూడ గింతసేపు వోసుకోలేదు," అని ఎత్తిపొడిచింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకో వేలు కత్తిరించాను. చివరకు ముల్లు పడుకుంది. డబ్బా సంగతి నాకు అక్కర్లేదు గానీ, ఈ తీగ మాత్రం ఈ ఇంట్లోంచి పోకూడదని ఆ రోజే అనుకున్నాను.

ఇందులో ఒక చిన్న సంగతి ఉంది. ఆయన కిందికి దిగి మీటరు ముందు కూర్చున్న కాసేపటికే, అత్త ఎర్ర రంగు చిలపల గంప ఎత్తుకుని పైకి వచ్చింది. బొంగు లేదు. తీగ ఉంది. "నా బొంగు తీస్కపాయె, వాని తార మీదనే ఆరేస్త," అంటూ రెండు కొసలకూ తడి చిలపలు బారుగా వేసి కిందికి పోయింది. మేం కొలత సరిచేసినంతసేపూ అవి తీగ మీదే ఉన్నాయి. నేను చెప్పలేదా అంటారేమో. తార ఎట్లుంది అన్నాడు, మంచిగుంది అన్నాను. గట్టిగుందా అన్నాడు, అంత నూలు మోస్తున్నదాన్ని గట్టిది కాదని ఎలా అంటాను. నూలు ఉందా అని మాత్రం అడగలేదు. ఆరేసే బొంగు ఊడదీస్తే నూలు ఎక్కడికి పోతుందో, ఈ గల్లీలోనే పుట్టి పెరిగినవాడికి నేను వేరే చెప్పాలని నాకు తోచలేదు. సాయంత్రం ఆయన పైకి వచ్చి తీగను ముద్దుగా చూసుకునే వేళకు చిలపలు ఆరిపోయాయి, అత్త తీసేసింది.

సుట్టీ రోజు వచ్చింది. నా తీగ పరువు నిలబడాలని నేను పొద్దున్నే గచ్చి అంతా కడిగాను. అత్త ఆరేసుకోబోతే, "ఇయ్యాల ఒక్కనాడు వద్దత్తా," అని గంపను మెట్ల దగ్గరే ఆపాను. తీగను తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో మళ్ళీ తుడిచాను. బొంగుకు పసుపు కుంకుమ పెట్టాను, బొంగు మొదట్లో ముగ్గు వేశాను. పెళ్ళికూతురు కూడా అంత శుభ్రంగా ఉండదు. కింద అత్త పెట్టెలోని పట్టుచీర కట్టుకుని, డబ్బాకు ఎదురుగా, మనిషికి ఎదురుగా కూర్చున్నట్టు కూర్చుంది.

ఏ వేళకు పిలవాలో సారుకు మా ఆయన ముందే కార్డు రాశాడు. డబ్బా గరగరలాడింది. గరగరలోంచి సన్నగా సారు గొంతు వచ్చింది. "సోలాపూర్, సోలాపూర్, మీ పెద్దవ్వ నా పక్కనే ఉన్నది, వినవస్తుందా, ఓవర్." అత్త కొంగు సర్దుకుంది. మా ఆయన మైకు నొక్కి, "వినవస్తుంది సారూ," అన్నాడు. ముల్లు ఎగిరి అటు గోడకు కొట్టుకుంది. సారు మళ్ళీ "సోలాపూర్, సోలాపూర్" అన్నాడు. మా ఆయన మళ్ళీ చెప్పాడు. వాళ్ళ మాట మాకు వస్తోంది, మా మాట వాళ్ళకు పోవడం లేదు. ఆయన ఉన్న బొత్తాలన్నీ తిప్పి చూశాడు.

అత్త మాత్రం అసలు సంగతి తనకు తెలిసినట్టు తల ఊపింది. "మంచిగనే వినవడ్తుందిరా దానికి. విననట్టు నటిస్తుంది. చిన్నప్పటి సంది గంతే."

"అట్ల కాదవ్వా, మన మాట వాపస్ వస్తుంది."

"వాపస్ పంపుతుంది గదా మరి. గదే అంటున్న." లేచింది. మొహం చిన్నబోయింది, అది కోపం కాదని నాకు కూడా తెలిసింది. "బస్ ఝాలం, ఇగ చాలు. నా నూలు గంపల్నే మురుగుతుంది. ఇయ్యాలనే అన్ని తీసెయ్యి," అంటూ పట్టుచీరతోనే గంప నడుమున పెట్టుకుని మెట్లెక్కింది.

ఆయన నన్ను పైకి పొమ్మని సైగ చేశాడు. నేను పోయేసరికి అత్త ముక్కు చీదుకుంటూ చిలపలు తీగ మీదికి విసురుతోంది. కింద సారు ఇంకా పిలుస్తూనే ఉన్నాడు, ఈయన బదులిస్తూనే ఉన్నాడు. ఉన్నట్టుండి కింద నుంచి కేక వచ్చింది.

"ఏయ్, ఏం చేసినవ్? ముల్లు దిగుతుంది."

"నేనేం చెయ్యలే. అత్త నూలు ఆరేస్తుంది."

తడి నూలు మీద ఉంటే తీగ పొడుగైనట్టేనట, దాంతోనే కొలిచి కత్తిరిస్తే వట్టి తీగ కురుచైపోయిందట. కొలత సరిచేసిన రోజు తీగ మీద నూలు ఉందని ఆయనకు అప్పుడు వెలిగింది. తర్వాత మెల్లగా, దేవుణ్ణి అడిగినట్టు అడిగాడు.

"అవ్వా, ఇంకో చిలప వెయ్యి."

అత్త నా వైపు చూసింది. "ఏమంటుండే వాడు?"

"ఇంకో చిలప కావాల్నట అత్తా."

వేసింది. "ఇంకోటి," అన్నాడు. వేసింది. రంగు నీళ్ళు నా ముగ్గు మీద కారి అంతా ఎర్రబడింది. కింద నుంచి సారు గొంతు గట్టిగా, "ఆఁ, సోలాపూర్, ఇప్పుడు మంచిగ వస్తున్నవు," అంది. నేను బొంగుకు దండం పెట్టాను.

కిందికి రమ్మంటే అత్త రాదు. తను దిగితే మళ్ళీ ఆగిపోతుందని భయం. లైసెన్సు లేనివాళ్ళు ఆ మైకులో మాట్లాడకూడదని రూలు కూడా ఉందట. కాబట్టి అత్త గచ్చి మీద నుంచి నాకు చెప్పడం, నేను మెట్ల మీద నుంచి ఆయనకు చెప్పడం, ఆయన సారుకు, సారు పెద్దవ్వకు.

"అడుగు, నా కొడుకు పెండ్లికి రానంత పని ఏం వడ్డదో," అంది అత్త.

నేను మెట్ల మీద కొంచెం మెత్తబరిచి, "పెండ్లికి ఎందుకు రాలేదని అడుగుతుంది," అన్నాను. ఆయన ఇంకొంచెం మెత్తబరిచి, "అవ్వ మిమ్మల్ని యాది చేస్తుంది, ఓవర్," అన్నాడు. అటు నుంచి, "పెద్దవ్వ ఏడుస్తున్నది. పిలిచే మనిషి ఇంటికి రాలేదు, ఉత్త కార్డు వచ్చిందంటున్నది, ఓవర్," అని వచ్చింది.

ఇది మాత్రం ఎవరం మెత్తబరచలేదు. ఉన్నదున్నట్టే పైకి చేరింది. అత్త చేతిలోని చిలపను మళ్ళీ పిండింది. పెళ్ళికి పెద్దవాళ్ళను ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి, కార్డు వేసి ఊరుకోకూడదు. అది అత్తకు తెలియక కాదు. "మోకాళ్ళెట్లున్నయో అడుగే," అంది చివరకు. మోకాళ్ళ సంగతి మొదలయ్యాక ఇక చిలపలు ఆరిపోయే దాకా ఆపలేదు. ఆరుతున్న కొద్దీ ముల్లు లేచేది, ఆయన కేకేసేవాడు, నేను చెంబుతో నీళ్ళు చల్లేదాన్ని.

బొంగు అక్కడే ఉండిపోయింది. అప్పటి నుంచి ప్రతి సుట్టీ నాడూ రేడియో పెట్టాలంటే నేను పైకి వెళ్ళి తీగ కొసలకు తడి నూలు వేయాలి. అత్తకు చేతకాక గాబులు తీసేశాక తడి చాదర్ వేసేదాన్ని. ఎన్నో ఏళ్ళకు ఒకసారి అడిగాను. "తార కురుచైందంటవ్ గదా, కొంచెం అతుకేస్తే ఐపోదా?"

"అతుకు అరగంట పని," అన్నాడు.

"మరి ఎయ్యవేంది?"

ఆయన బొత్తం తిప్పుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు. "ఏస్తే నువ్వు పైకెందుకు పోతవ్? పైకి పోకుంటే నాతోని ఏం మొత్తుకుంటవ్?"

ఇప్పుడు అత్త లేదు, ఆయనా లేడు. డబ్బాను ఆయనలాంటి పిచ్చివాడే ఒకడు అడిగితే ఇచ్చాను. తీగ మాత్రం ఇవ్వలేదు. సుట్టీ నాడు ఒక చాదర్ తడిపి ఆ కొసకే వేస్తాను. మొన్న కూడా వేసి, పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. ఏ వేలు అని అడిగిన ఆ పిల్లను తలుచుకుంటే ఈ ముసలి మొహానికి ఇంకా సిగ్గు వస్తుంది. ఇంతలో నడుములో ఫోను మోగింది. కోడలు.

"అత్తా, చాయ్ చల్లారుతుంది. ఉతికిన చాదరే మల్ల ఎందుకు తడిపినవ్?"

"ఫోన్ల కాదే. మెట్ల కాడికొచ్చి అడుగు," అన్నాను.

మెట్ల దగ్గరికి వచ్చి, గల్లీ అంతా వినేటట్టు అరిచింది. అప్పుడు దిగాను.